రోజూ కడప నుంచి చుట్టుపక్కల ఊళ్లకు: సరుకు బండికి పెట్రోలా, గ్యాసా, కరెంటా?

కడప సరుకుబండి
సోమవారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మందుల దుకాణాలకు సరుకు చేరవేసే పని నాది. వారంలో రెండు మూడు రోజులు రాయచోటి, మిగతా రోజులు ప్రొద్దుటూరు, మైదుకూరు, ఎర్రగుంట్ల. రాయచోటి వెళ్లిన రోజు రానూపోనూ, ఊళ్లో తిరుగుడూ కలిపి 120 కిలోమీటర్లు దాటుతుంది. మధ్యలో గువ్వలచెరువు ఘాట్ ఉండనే ఉంది. బరువు ఐదారు వందల కిలోలకు మించదు. ఇప్పుడున్న పెట్రోలు బండి ముసలిదైపోయింది. లీటరు 110 రూపాయల దగ్గర ఉంటే ఇక దాన్ని మేపడం నా వల్ల కాదు.

చిన్న ట్రక్కు ఒకటి తీసుకోవాలి. ఒక షోరూంలో సీఎన్‌జీ అంటారు, పక్క షోరూంలో కరెంటు బండి అంటారు. మా బావమరిది మాత్రం రెండేళ్లు ఆగితే హైడ్రోజన్ బండ్లు వస్తాయి, తొందరపడొద్దంటాడు. మా అమ్మాయికి కాలేజీకి స్కూటరు కూడా కావాలి. తనకు పొగ రాని బండే కావాలట. ఖర్చూ తగ్గాలి, పొగా తగ్గాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

కొండారెడ్డి బురుజు
సోమవారం, ఉదయం 8:25

కర్నూలులో నాకు గ్యాస్ కిట్లు బిగించే షెడ్డు ఉంది. కాబట్టి నా మాట సీఎన్‌జీ వైపు కాస్త మొగ్గుతుందని ముందే లెక్కలో వేసుకోండి.

అన్నా, చాలామంది లీటరు ధరను, కిలో ధరను పక్కపక్కన పెట్టి చూస్తారు. అక్కడే దెబ్బ తింటారు. కిలో సీఎన్‌జీలో ఉన్న శక్తి సుమారు లీటరున్నర పెట్రోలుకు సమానం. మీ బండి లీటరుకు 14 కిలోమీటర్లు ఇస్తుంటే, అదే సైజు గ్యాస్ బండి కిలోకు 20 దాకా ఇవ్వాలి. ఇవ్వకపోతే ట్యూనింగులో ఏదో లోపం ఉన్నట్టు.

ఘాట్ గురించి. గ్యాస్ ఇంజనులోకి వెళ్లేటప్పుడు కొంత గాలి చోటు అదే ఆక్రమిస్తుంది. అందుకే అదే ఇంజను గ్యాస్ మీద సుమారు పదో వంతు బలం తక్కువ చూపుతుంది. ఐదారు వందల కిలోలతో గువ్వలచెరువు ఎక్కుతుంది, అనుమానం లేదు. కాకపోతే మూడో గేరులో ఎక్కేచోట రెండో గేరు వేస్తారు.

సిలిండరు 200 బార్ల ఒత్తిడితో నిండుతుంది. 60 లీటర్ల సిలిండరులో తొమ్మిది కిలోల వరకు పడుతుంది. మండుటెండలో నింపిస్తే అదే ఒత్తిడికి కాస్త తక్కువ గ్యాస్ పడుతుంది. కిలోల లెక్కన డబ్బు కడతారు కాబట్టి నష్టం ఉండదు, దూరం మాత్రం తగ్గుతుంది. ఎండాకాలంలో తెల్లవారుజామున నింపించండి.

పెన్నా ఒడ్డు
సోమవారం, ఉదయం 9:10

ఇంకా సిలిండర్ల దగ్గరే ఉన్నారా? నేను కడపలోనే కరెంటు ఆటో నడిపిస్తున్నాను. ఆయిలు లేదు, క్లచ్ లేదు, స్పార్క్ ప్లగ్ లేదు. గ్యాస్ బంకు దగ్గర వరుసలో నిలబడే పని అసలే లేదు. రాత్రి ప్లగ్ పెట్టి పడుకుంటే పొద్దున్నే బండి సిద్ధం. అన్నా, ఆలోచించకుండా కరెంటు బండి తీసుకోండి.

తాడిపత్రి టైరు
సోమవారం, ఉదయం 9:32

ఆటో వేరు, సరుకు బండి వేరు తమ్ముడూ. ఆటోకు ఊరు దాటే పని ఉండదు. బ్యాటరీ అయిపోతే ఇంటికి తోసుకునైనా వస్తావు. ఆయన గువ్వలచెరువు మలుపుల్లో ఆగిపోతే ఎవరు తోస్తారు?

లెక్కల మేడం
సోమవారం, మధ్యాహ్నం 1:15

భోజన విరామంలో ఉన్నాను, లెక్క వేస్తాను. నేను కర్నూలులో భౌతిక శాస్త్రం చెబుతాను. నాకు ఏ షోరూంతోనూ చుట్టరికం లేదు.

ముందు ఖర్చు చూద్దాం. పెట్రోలు 110, లీటరుకు 14 కిలోమీటర్లు అంటే కిలోమీటరుకు దాదాపు ఎనిమిది రూపాయలు. సీఎన్‌జీ కిలో 95 అనుకుందాం. 20 కిలోమీటర్ల చొప్పున నాలుగు రూపాయల ముప్పావలా. మీ బరువుతో కరెంటు ట్రక్కుకు 100 కిలోమీటర్లకు 20 యూనిట్లు కావాలి. ఛార్జింగులో పోయే నష్టంతో గోడ నుంచి 23 యూనిట్లు లాగుతుంది. ఇంటి మీటరు పై శ్లాబులోకి వెళ్తుందని యూనిట్‌కు పది రూపాయలు వేసినా కిలోమీటరుకు రెండు రూపాయల ముప్పై పైసలు. నెలకు 2500 కిలోమీటర్లు తిరిగితే గ్యాసుకూ కరెంటుకూ తేడా ఆరు వేల పైచిలుకు. కరెంటు బండికి షోరూంవాళ్లు ఎక్కువ అడిగే మొత్తాన్ని ఆ ఆరు వేలతో భాగించండి. ఎన్ని నెలలకు గిట్టుబాటవుతుందో తెలుస్తుంది.

ఇక పొగ. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు పెట్రోలు బరువే ముప్పావు కిలో కదా, అంత ఎలా వస్తుందని మా పిల్లలు ప్రతి ఏడాదీ అడుగుతారు. గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది, అదనపు బరువంతా దానిదే. డీజిల్ లీటరుకు 2.7 కిలోల దాకా, సీఎన్‌జీ కిలోకు 2.75 వస్తుంది. కరెంటు బండికి పొగగొట్టం లేదు. కానీ దేశం మొత్తం మీద ఒక యూనిట్ తయారయ్యేటప్పుడు సగటున 0.7 కిలోలకు కొంచెం పైనే వెలువడుతుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలు చెబుతున్నాయి.

మీ బండికి వేస్తే కిలోమీటరుకు పెట్రోలు మీద 165 గ్రాములు, సీఎన్‌జీ మీద దాదాపు 138, కరెంటు మీద మళ్లీ 165 దగ్గర.

అమ్మాయి స్కూటరు సంగతి వేరు. పెట్రోలు స్కూటరు లీటరుకు 45 ఇస్తే కిలోమీటరుకు 51 గ్రాములు. కరెంటు స్కూటరు నష్టాలతో కలిపి 100 కిలోమీటర్లకు మూడున్నర యూనిట్ల లోపే తింటుంది, అంటే 25 గ్రాములు. సగానికి సగం. స్కూటరు విషయంలో చర్చే అక్కర్లేదు.

పెన్నా ఒడ్డు
సోమవారం, మధ్యాహ్నం 1:48

> కరెంటు మీద మళ్లీ 165 దగ్గర

మేడం, ఇది అన్యాయం. కరెంటుకు బొగ్గు దాకా వెనక్కి వెళ్లి లెక్క వేశారు. పెట్రోలు మాత్రం బంకులోనే పుట్టినట్టు వదిలేశారు. బావిలోంచి తీయాలి, ఓడలో తేవాలి, శుద్ధి చేయాలి, ట్యాంకరులో ఇక్కడిదాకా రావాలి. దానికి పొగ లేదా?

లెక్కల మేడం
సోమవారం, సాయంత్రం 5:20

న్యాయమైన ప్రశ్న. ఆ దారి ఖర్చు కలిపితే పెట్రోలుకు సుమారు ఐదో వంతు పెరుగుతుంది, దాదాపు 200 గ్రాములు అవుతుంది. బొగ్గు తవ్వడానికీ మోయడానికీ కూడా కొంత కలపాలి, అది ఇంతకంటే తక్కువ. సీఎన్‌జీకీ వెనక కథ ఉంది. పైపుల్లో, బంకుల్లో కాలకుండా తప్పించుకునే మీథేన్ (సీఎన్‌జీలో ఎక్కువ భాగం అదే), వందేళ్ల లెక్కలో చూస్తే అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్ల దాకా వేడిని పట్టి ఉంచుతుంది. లీకులు ఎక్కువైతే గ్యాస్ మంచితనం అక్కడే కరిగిపోతుంది.

అన్నీ కలిపితే ఈ బరువు బండికి పెట్రోలు కంటే కరెంటు కొంచెం మెరుగు, అంతే. షోరూం బోర్డు మీద రాసే ‘సున్నా కాలుష్యం’ మాత్రం అబద్ధం. పొగ కడప వీధుల్లో తగ్గుతుంది, ఎర్రగుంట్ల దగ్గరి థర్మల్ కేంద్రం చిమ్నీలో పెరుగుతుంది. ఊళ్లో పిల్లల ఊపిరితిత్తులకు అదీ లాభమే, కాదనను.

గని సకునాల
సోమవారం, రాత్రి 8:05

మేడం లెక్కకు ఒక చేర్పు. ఆ 0.7 రోజంతటికీ, దేశమంతటికీ సగటు. ఏ గంటలో ప్లగ్ పెట్టారన్నదాన్ని బట్టి అది మారుతుంది.

నేను సౌర విద్యుత్ రంగంలో పని చేస్తాను. గని, సకునాల దగ్గర 2017లో పూర్తయిన పార్కు సామర్థ్యమే 1000 మెగావాట్లు. అటు నంబులపూలకుంట సౌర పార్కు ఉంది, రామగిరి గాలిమరలు ఉన్నాయి. మన నాలుగు దిక్కులా ఎండ, గాలి కరెంటుగా మారుతున్నాయి. అయితే సౌర విద్యుత్ మధ్యాహ్నం పొంగుతుంది, పొద్దు గుంకితే సున్నా. రాత్రి తొమ్మిదికి ప్లగ్ పెడితే ఆ అదనపు గిరాకీని తీర్చేది ఎక్కువగా బొగ్గే. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1650 మెగావాట్లు, అక్కడ మండేది బొగ్గే కదా. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు లోపు ప్లగ్ పెడితే మీ బండికి అందేదానిలో ఎండ వాటా చాలా పెరుగుతుంది.

పగటి కరెంటును రాత్రికి దాచడానికే పాణ్యం మండలం పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంపు నిల్వ కేంద్రం కట్టారు. ఎండ ఉన్నప్పుడు నీళ్లను పై జలాశయానికి తోడతారు, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఇలాంటివి పెరిగేకొద్దీ మీరు ఇవాళ కొన్న కరెంటు బండి, ఏమీ మార్చకుండానే, ఏటేటా కొంచెం శుభ్రపడుతుంది. పెట్రోలు బండికి ఆ యోగం లేదు.

అనంత వేరుశనగ
మంగళవారం, ఉదయం 6:15

పొద్దున్నే అంతా చదివాను. ఒక్కరూ నూనె మాట ఎత్తలేదేమి? 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజనును వేరుశనగ నూనె పోసి నడిపి చూపించారు. ఆ సంగతి 1912లో రుడాల్ఫ్ డీజిల్ తానే చెప్పాడు. మా అనంతపురం జిల్లా అంతా వేరుశనగే. నూటపాతికేళ్ల కిందట తిరిగిన ఇంజను ఇప్పుడు తిరగదా?

కొండారెడ్డి బురుజు
మంగళవారం, ఉదయం 7:50

తిరుగుతుంది పెద్దాయనా, కానీ ఇప్పటి ఇంజనులో పోస్తే నా షెడ్డుకు వచ్చి ఆగుతుంది. పచ్చి నూనె చిక్కన. ఇంజెక్టరు రంధ్రాలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి, మసి పట్టి మూసుకుపోతాయి. నూనెను మిథనాల్‌తో కలిపి, క్షారం వేసి, గ్లిజరిన్ విడదీస్తేనే బయోడీజిల్ అవుతుంది. ఇక ధర చూడండి. డబ్బా వేరుశనగ నూనె ధర మీకు నేను చెప్పాలా? పెనంలో పోసే నూనె ట్యాంకులో పోస్తే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా?

వాడేసిన నూనె అయితే అర్థం ఉంది. బజ్జీల బండ్లలో, హోటళ్లలో కాచి కాచి నల్లబడ్డ నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే పథకాన్ని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018లో మొదలుపెట్టింది. ఆ నూనె మళ్లీ బాణలిలోకి వెళ్లకుండా ఇంజనులోకి వెళ్తే అందరి గుండెలకూ మంచిది.

అనంత వేరుశనగ
మంగళవారం, ఉదయం 8:40

బాణలి మాట ఒప్పుకుంటాను. అడవి ఆముదం కథ ఇక్కడ ఎవరికైనా గుర్తుందా? 2003లో ప్రణాళికా సంఘం దేశమంతా బయోడీజిల్ కోసం ఆ చెట్టు వేయాలని చెప్పింది. బీడు భూముల్లో నీళ్లు లేకున్నా పెరుగుతుందని మాకూ మొక్కలిచ్చారు. పెరిగింది, అబద్ధం కాదు. కాయలే కాయలేదు. నీళ్లు లేకపోతే చెట్టు బతుకుతుంది గానీ దిగుబడి ఇవ్వదని ముందు ఎవరూ చెప్పలేదు. కొనడానికి వస్తామన్నవాళ్లు మళ్లీ మా ఊరి మొహం చూడలేదు. చివరికి కంచెకు పనికొచ్చింది, మేకలు ముట్టవు కాబట్టి.

కానుగ నయం. గట్ల మీద దానంతట అదే పెరుగుతుంది, నీడ ఇస్తుంది, ఆకు ఎరువవుతుంది. గింజ ఏరడానికే కూలీలు దొరకరు.

నంద్యాల మొక్కజొన్న
మంగళవారం, ఉదయం 10:05

రైతుకు నిజంగా డబ్బు చేరుతున్న ఇంధనం, చెరకు, మొక్కజొన్న లాంటి పంటల నుంచి తీసే ఇథనాల్. దాని గురించి ఒక్క మాట లేదు! పెట్రోలులో 20 శాతం కలపాలన్న లక్ష్యం మొదట 2030కి పెట్టుకున్నారు, ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. మొక్కజొన్నకు గిరాకీ పెరిగిందంటే ఇథనాల్ ఫ్యాక్టరీల వల్లే. ఆ మేరకు గల్ఫ్ దేశాలకు పోయే డబ్బు మన పొలాలకు వస్తోంది. బండి సరుకుదైనా సొంతానిదైనా పెట్రోలు కొట్టించండి, అందులో మా చెమట కూడా ఉంటుంది.

అనంత వేరుశనగ
మంగళవారం, ఉదయం 10:30

మీ చెమట సరే, నీళ్ల సంగతి? చెరకు నుంచి లీటరు ఇథనాల్ రావాలంటే దాదాపు 2860 లీటర్ల నీళ్లు కావాలని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. మీకు కేసీ కాలువ ఉంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి మాది. వెయ్యి అడుగుల బోరు వేస్తే దుమ్ము వస్తుంది. మా దగ్గర నీళ్లతో ఇంధనం పండించమంటే దాహం వేసినవాడిని బంకుకు పంపినట్టే.

నంద్యాల మొక్కజొన్న
మంగళవారం, ఉదయం 10:41

నేను చెప్పింది మొక్కజొన్న. మీరు చెరకు లెక్క చూపిస్తున్నారు. మొక్కజొన్నకు అన్ని నీళ్లు అక్కర్లేదు. ఇప్పుడు దేశంలో ఇథనాల్‌కు ధాన్యం వాటా బాగా పెరిగింది కూడా.

అనంత వేరుశనగ
మంగళవారం, ఉదయం 10:52

నీళ్లు తగ్గితే తిండిగింజ సంగతి వస్తుంది. కోళ్లకు మేత ధర పెరిగిందని కోళ్ల ఫారాలవాళ్లు మొత్తుకుంటున్నారు. వాళ్లనూ ఇక్కడికి పిలవండి.

వేదిక నిర్వాహకుడు
మంగళవారం, ఉదయం 11:00

ఇద్దరికీ మనవి: పంటల చర్చకు వేరే శీర్షిక తెరిచాను, అక్కడ తీరిగ్గా పోట్లాడుకోండి. ఇక్కడ కడప ఆయన బండి గురించి మాట్లాడదాం. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వల్ల బండికి ఏమవుతుందో తెలిసినవాళ్లు రాస్తే ఉపయోగం.

కొండారెడ్డి బురుజు
మంగళవారం, మధ్యాహ్నం 12:20

ఈ20 మీద నా దగ్గరికి వచ్చే ఫోన్లకు లెక్క లేదు కాబట్టి ఒక్కసారే రాస్తాను.

మైలేజీ తగ్గుతుందా? తగ్గుతుంది. లీటరు ఇథనాల్‌లో పెట్రోలులో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతుల శక్తే ఉంది. అదే నీతి ఆయోగ్ నివేదిక ప్రకారం, పాత పెట్రోలుకు తయారై పది శాతానికి సర్దిన కార్లకు ఆరేడు శాతం, ద్విచక్ర వాహనాలకు మూడు నాలుగు శాతం తగ్గుదల. పది శాతానికి తయారై ఇరవైకి సర్దిన కార్లకు ఒకటి రెండు శాతం. ‘మైలేజీ సగం పడిపోయింది’ అనేవాళ్ల బండిలో ఇంకేదో జబ్బు ఉంది.

ఇంజను పాడవుతుందా? 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో రబ్బర్లు, పైపులు ఈ20కి తట్టుకునేవే. భయం పాత కార్బురేటరు బండ్లకు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలబెట్టిన బండిలో నీరు చేరి, ట్యాంకు అడుగున వేరే పొరగా దిగుతుంది. ఇంట్లో పాత స్కూటరు మూల పడి ఉంటే ట్యాంకు సగం ఉంచి వదలకండి.

మంచి సంగతి కూడా చెప్పాలి. ఇథనాల్‌కు ఆక్టేన్, అంటే ఒత్తిడికి ముందే అంటుకోకుండా ఆగే గుణం, ఎక్కువ. దానికోసమే తయారైన ఇంజనులో ఇంధనం, గాలి మిశ్రమాన్ని ఇంకాస్త గట్టిగా ఒత్తి వాడుకోవచ్చు. మన బండ్లు చాలావరకు అలా తయారైనవి కావు, అందుకే మనకు నష్టమే కనిపిస్తోంది.

ప్రొద్దుటూరు ఖాతాదారు
మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఎల్పీజీ కిట్ సంగతి? మా వీధిలో ఒకరు ఇంటి సిలిండరుతోనే ఆటో నడుపుతున్నారు. చాలా చవక అంటున్నారు.

కొండారెడ్డి బురుజు
మంగళవారం, మధ్యాహ్నం 2:18

ఇంటి సిలిండరు బండికి పెట్టడం నేరం. ప్రమాదం అంతకంటే పెద్దది. సీఎన్‌జీ గాలి కంటే తేలిక, లీకైతే పైకి పోతుంది. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే బండి కింద, గుంటలో, కాలువలో పేరుకుని నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. బంకులో దొరికే ఆటో ఎల్పీజీ వేరు. దాని ట్యాంకులో ఎనభై శాతం నిండగానే ఆపే వాల్వు ఉంటుంది. ఇంటి సిలిండరుకు అదేదీ లేదు. మీ వీధి ఆయనకు ఈ ముక్క చదివి వినిపించండి.

కడప సరుకుబండి
మంగళవారం, రాత్రి 9:00

అందరూ ఇంత ఓపికగా రాస్తున్నందుకు ధన్యవాదాలు. మా బావమరిది ఈ చర్చ చదువుతున్నాడు. హైడ్రోజన్ గురించి ఎవరూ రాయలేదని అలిగాడు.

లెక్కల మేడం
మంగళవారం, రాత్రి 9:40

బావమరిది గారి అలక తీరుస్తాను. నీటిని కరెంటుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి సుమారు 50 నుంచి 55 యూనిట్లు పడుతుంది. దాన్ని 700 బార్లకు కుదించి కారులో నింపితే, హైడ్రోజన్ నుంచి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌తో కారు దాదాపు 100 కిలోమీటర్లు వెళ్తుంది. అవే 55 యూనిట్లు నేరుగా బ్యాటరీ కారులో పోస్తే, నష్టాలు పోగా, 340 కిలోమీటర్లు వెళ్లవచ్చు. నంద్యాల నుంచి కర్నూలు రావడానికి హైదరాబాద్ మీదుగా తిరిగి వచ్చినట్టు.

అలాగని హైడ్రోజన్ వృథా అనను. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో హరిత హైడ్రోజన్ మిషన్ ఆమోదించింది. అందులో ఎరువుల కర్మాగారాలు, చమురు శుద్ధి, ఉక్కు లాంటి వాటికే మొదటి పీట, ఎందుకంటే అక్కడ బ్యాటరీ పనికిరాదు. మందుల పెట్టెలు మోసే చిన్న ట్రక్కు దాకా రావడానికి అది తొందరపడదు.

తాడిపత్రి టైరు
బుధవారం, ఉదయం 5:50

చిన్న బండ్ల వాళ్లు అదృష్టవంతులు, మాట్లాడుకోవడానికి మీకు నాలుగు దారులున్నాయి. నా లారీలు సిమెంటు ఎత్తుకుని బెంగళూరు, చెన్నై వెళ్తాయి. లీటరు డీజిల్‌కు మూడు నాలుగు కిలోమీటర్లు. మేడం పద్ధతిలో నేనూ లెక్క వేశాను: నిండు లారీకి కిలోమీటరుకు ఒకటిన్నర యూనిట్ అనుకున్నా 400 కిలోమీటర్లకు 600 యూనిట్ల బ్యాటరీ కావాలి. యూనిట్‌కు ఆరేడు కిలోల బరువు. అంటే బ్యాటరీయే నాలుగు టన్నులు. ఆ నాలుగు టన్నుల సిమెంటు కిరాయి ఎవరిస్తారు?

నాకు ఆశ ఉన్నది ఎల్‌ఎన్‌జీ మీద. సీఎన్‌జీలో ఉండే గ్యాసునే సున్నాకు కింద 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై ఆరువందల వంతు చోటులో సర్దుకుంటుంది. లారీ దూరం వెళ్లగలదు. కానీ బంకు ఎక్కడ? 44వ నంబరు రహదారి మీద బంకులు దగ్గర దగ్గరగా వచ్చేదాకా నేను డీజిలే. బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) లారీలకు పొగలో విషవాయువులు తగ్గించే యూరియా ద్రావణం కూడా పోస్తున్నాం. దారిలో కల్తీది అంటగట్టేవాళ్లు తయారయ్యారు. అది పోస్తే సెన్సరు పోయి బండి నడిరోడ్డు మీద మొరాయిస్తుంది. శుభ్రమైన గాలికి మా వంతు చందా అది.

గని సకునాల
బుధవారం, ఉదయం 7:30

కడప అన్నగారికి ఘాట్ భయం ఒకటి మిగిలింది కదా. 1800 కిలోల బండిని 200 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి పట్టే శక్తి సరిగ్గా ఒక యూనిట్ దగ్గర. మోటారు నష్టాలు కలిపినా ఒకటిన్నర లోపే. దిగేటప్పుడు మోటారు జనరేటరుగా మారి అందులో సగానికి పైగా తిరిగి ఇస్తుంది, బ్రేకులూ అరగవు. కాబట్టి చిక్కు ఘాట్‌తో కాదు, దూరంతో. ఈ సైజు కరెంటు ట్రక్కుల్లో చాలావాటికి బ్యాటరీ 21 యూనిట్ల చుట్టుపక్కల ఉంటుంది. కంపెనీ కాగితం మీద 150 కిలోమీటర్లు అని రాసినా బరువుతో, ఎండలో 95 నుంచి 100 అనుకోండి. మీకు 120 కావాలి. రాయచోటిలో మధ్యాహ్నం రెండు గంటలు ప్లగ్ దొరికితే సాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్ నుంచి గంటకు మూడు యూనిట్లు వస్తాయి.

పెన్నా ఒడ్డు
బుధవారం, ఉదయం 8:15

బ్యాటరీ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమా కాదా అని అడగండి. మన మే నెల ఎండకు అదే ఓర్చుకుంటుంది. 2022లో కొన్ని స్కూటర్లు తగలబడ్డ తరువాత బ్యాటరీ పరీక్షల నిబంధనలు కఠినం చేశారు. అమ్మాయి స్కూటరు ఆ నిబంధనల తరువాత తయారైనదే చూడండి. ఎండలో తిరిగి రాగానే ప్లగ్ పెట్టనివ్వకండి, అరగంట నీడలో చల్లారాలి. ఇంటి ఎర్తింగు ముందు చూపించుకోండి. మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఎర్తింగు పేరుకే ఉంటుంది.

కడప సరుకుబండి
బుధవారం, రాత్రి 8:45

రెండు రోజులుగా ఇవన్నీ చదివి, ఇవాళ కాలికి పని చెప్పాను. రాయచోటిలో నా ఖాతాదారుల్లో ఇద్దరిని అడిగాను. సాకెట్ వాడుకోమన్నారు గానీ మీటరు తిరుగుతుంటే వాళ్ల మొహాలు ఎలా ఉంటాయో ఊహించగలను. అంతకంటే పెద్ద అడ్డంకి ఇంట్లోనే ఉంది. నాది అద్దె ఇల్లు. 16 ఆంపియర్ల లైను బయటికి లాగుతానంటే ఇంటాయన ససేమిరా అన్నారు. స్కూటరు మాత్రం మామూలు సాకెట్‌కు పెట్టుకోమన్నారు, దానికి నెలకు ఇంత అని మాట్లాడుకున్నాం.

కాబట్టి అమ్మాయికి కరెంటు స్కూటరు ఖాయం. సరుకు బండి ఈసారికి సీఎన్‌జీ. కొత్తది కాకుండా, కంపెనీయే గ్యాస్ అమర్చిన బండి ఒకటి, నాలుగేళ్లది, ఎర్రగుంట్లలో అమ్మకానికి ఉంది. ఇంజను శబ్దం బాగుంది, రంగూ బాగుంది. సొంత చోటు దొరికాక కరెంటు ట్రక్కు సంగతి చూస్తాను.

పెన్నా ఒడ్డు
బుధవారం, రాత్రి 8:58

మా కరెంటును ఓడించింది గ్యాస్ కాదు, ఇంటి యజమాని!

కొండారెడ్డి బురుజు
బుధవారం, రాత్రి 9:20

రంగు చూసి మురిసిపోకండి అన్నా. నాలుగేళ్ల బండి అంటే సిలిండరు పరీక్ష ఒకసారి అయిపోయి ఉండాలి. మూడేళ్లకు ఒకసారి నీటి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. చేయించి ఉంటే ఆ తేదీ సిలిండరు మీద గానీ, దానికి తగిలించిన పలక మీద గానీ ఉంటుంది, చేతికి ధ్రువపత్రమూ ఇస్తారు. పలక లేదు, పత్రం పోయింది అంటే పరీక్ష జరగలేదనే అనుకోండి. ఆ ఖర్చు, పరీక్షకు బండి ఆగిపోయే రోజుల నష్టం ధరలో తగ్గించమనండి. ఆర్సీలో ఇంధనం పెట్రోలు, సీఎన్‌జీ రెండూ రాసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు బీమావాళ్లు చేతులెత్తేస్తారు. సిలిండరు బిగించిన పట్టీల కింద తుప్పు ఉందా అని వేలు పెట్టి తడమండి. చివరగా, చల్లని ఇంజనును గ్యాస్ మీద కాసేపు నడిపి, ప్రతి జాయింటు మీద సబ్బు నురుగు రాయండి. బుడగ లేచిందంటే లీకే.

కడప సరుకుబండి
గురువారం, ఉదయం 11:35

ఎర్రగుంట్ల నుంచే రాస్తున్నాను. పట్టీలు బాగున్నాయి, సబ్బు నురుగులో బుడగలు లేవు. ఆర్సీలో రెండు ఇంధనాలూ ఉన్నాయి. పలక మీద దుమ్ము పేరుకుని తేదీ చదవలేకపోతున్నాను. ఫొటో పెడితే చెప్పగలరా?

కొండారెడ్డి బురుజు
గురువారం, ఉదయం 11:41

చెప్తాను. తడి గుడ్డతో తుడిచి, వాల్వు ఉన్న వైపు నుంచి తీయండి. సిలిండరు నంబరు కూడా ఫొటోలో పడాలి, ధ్రువపత్రంలోని నంబరుతో అది సరిపోవాలి.